దూరం ఎవరిది?

ముదిగుబ్బలో టీ అంగడి ముందు సైకిల్ ఆపి గోడకు ఆనిస్తుంటే, అంగడి నడిపే ఆమె అడిగింది: "ఏమ్మా, ఇంట్లో చెప్పే వచ్చినావా?"

నా వయసు నలభై ఆరు. ఇరవై ఏళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. నాకంటే ముందు ఆ దారిన వెళ్లిన మగవాళ్లు పది పన్నెండు మంది అదే అంగట్లో టీ తాగి పోయారు. వాళ్లను ఏమడిగావని ఆమెనే అడిగాను. "యాడ నుంచి వస్తాండారు, ఈ సైకిలు ఎంత పెట్టి కొన్నారు అని అడిగినా" అంది. వాళ్ల ఇంట్లో ఎవరికైనా చెప్పి వచ్చారా లేదా అన్న సందేహం ఆమెకు రాలేదు. నన్ను అడిగినదాంట్లో ఎత్తిపొడుపు లేదు, నిజమైన ఆదుర్దాయే ఉంది. ఆడది ఇంటికి దూరంగా, ఒంటరిగా, పని లేకుండా కనిపించిందంటే ఏదో జరిగి ఉంటుందని ఆమె అనుభవం ఆమెకు నేర్పింది. నేనూ ఆమె స్థానంలో ఉంటే అదే అడిగేదాన్నేమో. ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న గురించే.

ఆ రోజు నేను పాల్గొన్నది రెండు వందల కిలోమీటర్ల సైకిల్ సవారీ. పల్లెదారుల మీద జరిగే ఇలాంటి సవారీలను 'బ్రెవే' అంటారు. ఫ్రెంచి మాట. ఇది పందెం కాదు, మొదటి బహుమతి రెండో బహుమతి ఉండవు. 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిముషాల్లో, 300ను 20 గంటల్లో, 400ను 27 గంటల్లో, 600ను 40 గంటల్లో పూర్తి చేయాలి. దారిలో ముందే చెప్పిన చోట్ల కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. వెనకాల కారు రాదు. టైరు పంక్చరయితే మనమే వేసుకోవాలి, ఆకలయితే మనమే వెతుక్కోవాలి. వీటన్నిటికీ మూలం పారిస్ నుంచి బ్రెస్ట్ ఊరికి పోయి తిరిగి పారిస్ చేరే 1200 కిలోమీటర్ల సవారీ. 1891లో పందెంగా మొదలైంది, ఇప్పుడు నాలుగేళ్లకోసారి 90 గంటల గడువుతో నడుస్తోంది. మన దేశంలో 2010 తర్వాత బెంగళూరు, హైదరాబాదు వంటి నగరాల క్లబ్బులు ఈ పద్ధతిని బాగా అందుకున్నాయి. ఇలాంటివాటిలో స్త్రీల సంఖ్య అన్ని దేశాల్లోనూ తక్కువే.

మా దారి అనంతపురం టవర్ క్లాక్ నుంచి బత్తలపల్లి, ముదిగుబ్బల మీదుగా కదిరి దాటి కొంతదూరం పోయి, మళ్లీ అదే దారిన వెనక్కి. జనవరి నెల, తెల్లవారుజాము అయిదు గంటలు. ముప్పై ఎనిమిది మందిలో ఆడవాళ్లం ముగ్గురం. మిగతా ఇద్దరూ బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే యువతులు. ఈ జిల్లాలో పుట్టినదాన్ని నేనొక్కదాన్నే.

బయలుదేరడానికి ముందే ఒక చిన్న తమాషా జరిగింది. దరఖాస్తులో, ప్రమాదం జరిగితే ఎవరికి కబురు చేయాలి అన్న చోట 'తండ్రి లేక భర్త' అని అచ్చువేసి ఉంది. మగవాళ్లకూ ఇచ్చింది ఆ కాగితమే, కానీ భర్తలు లేనివాళ్లు కనుక వాళ్లు ఆ మాట కొట్టేసి భార్య పేరో మిత్రుడి పేరో రాసుకున్నారు, ఎవరూ పట్టించుకోలేదు. నేను నా స్నేహితురాలి పేరు రాసి, సంబంధం అన్న గడిలో 'స్నేహం' అని రాశాను. మర్నాడు ఫోన్ చేసి, "ఇంట్లోవాళ్ల నంబరు ఏదైనా ఉంటే బాగుండేది మేడమ్" అన్నారు. చెడ్డవాళ్లేమీ కాదు. టీ అంగడామె నోటితో అడిగింది వాళ్లు కాగితం మీద అడిగారు, అంతే తేడా.

*

దూరం అనేది ఈ ప్రాంతపు ఆడవాళ్లకు కొత్త విషయమా? నైరుతి రుతుపవనం పడమటి కనుమల దగ్గరే తన బరువంతా దించుకుని వస్తుంది, ఈశాన్య రుతుపవనం తూర్పు తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి అలిసిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా పడే వానతో, ఒకప్పుడు ఏడు లక్షల హెక్టార్లకు పైగా శెనక్కాయ వేసిన జిల్లా ఇది. ఆ పంటలో కలుపు తీసేది, కాయ ఒలిచేది ఆడవాళ్లే. బిందెతో నీళ్లకు, కట్టెలకు, కూలికి వాళ్లు నడిచే నడకను ఎవరూ కిలోమీటర్లలో కొలిచి కార్డు మీద ముద్ర వేయలేదు. వాన పోయిన ఏడాది మొగుడూ పెళ్లాం బెంగళూరు కట్టడాల దగ్గరికి పోతారు. కడప, రాయచోటి, కదిరి పక్క నుంచి ఇంటిపనికి కువైట్ దాకా పోయిన ఆడవాళ్లున్నారు. సముద్రం దాటి పోయి రెండేళ్లు పరాయి ఇంట్లో అంట్లు తోమి డబ్బు పంపిన మనిషి, ఊరికి తిరిగొచ్చాక పక్క ఊరి సంతకు ఒక్కతే పోతే "యాడికి?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి.

అంటే అడ్డు దూరానికి కాదన్నమాట. కుటుంబం కోసం, కూలి కోసం, మొక్కు కోసం ఆడది ఎంత దూరమైనా పోవచ్చు. తన కోసం పోయే దూరానికే పర్మిషన్ కావాలి. పితృస్వామ్యం స్త్రీని ఇంట్లో కట్టేసి ఉంచుతుందని మనం తేలిగ్గా అనేస్తుంటాం. అనంతపురం లాంటి కరువు సీమలో అది స్త్రీని ఇంట్లో కూర్చోబెట్టుకునే స్తోమతలో ఎన్నడూ లేదు. ఇక్కడ అది చేసే పని, బయటికి పోయిన ప్రతి అడుగుకూ లెక్క అడగడం.

ప్రభుత్వానికీ దూరం గురించి ఒక లెక్క ఉంది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని దేశంలో మొదట ప్రారంభించింది ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. 2005 నాటి ఆ చట్టంలో పని ఊరికి 5 కిలోమీటర్ల లోపల చూపించాలనీ, అంతకు మించితే కూలి పది శాతం ఎక్కువ ఇవ్వాలనీ రాశారు. 2009లో మొదలైన మాధ్యమిక విద్యా పథకం కూడా ప్రతి ఆవాసానికీ 5 కిలోమీటర్ల లోపల హైస్కూలు ఉండాలని లక్ష్యంగా పెట్టుకుంది. పెద్ద మనిషికి అయిదు కిలోమీటర్లు దాటితే కష్టం అని ఒప్పుకుని అదనపు కూలి ఇమ్మన్న రాజ్యం, పదమూడేళ్ల ఆడపిల్ల అదే అయిదు కిలోమీటర్లు రోజూ పోయి రావచ్చునని అనుకుంది. మ్యాపు మీద గీత గీసినవాళ్లు ఆ దారిలో బెండకాయ తోట వెనక ఎవరు నిలబడి ఉంటారో, వాగు దగ్గర మలుపులో ఎంతసేపు మనిషి కనబడడో చూసి ఉండరు. 2011 జనగణన నాటికి ఈ జిల్లా ఆడవాళ్లలో చదవను రాయను వచ్చినవాళ్లు సుమారు 54 శాతం, మగవాళ్లలో 73 శాతం. ఆ పందొమ్మిది శాతం తేడాలో ఎంత భాగం బడికీ ఇంటికీ మధ్య రోడ్డు మీద పడిపోయిందో ఎవరైనా కొలిస్తే బాగుండేది.

*

నేను సైకిల్ నేర్చుకున్నది అద్దె సైకిల్ మీద, గంటకింత అని ఇచ్చే కొట్టులో. అన్నతో పాటు పోయేదాన్ని. అన్న కమ్మీ మీంచి కాలు వేసి కూర్చునేవాడు, నేను కమ్మీ కింద నుంచి కాలు పెట్టి తొక్కేదాన్ని. గౌను రోజులు అవి. పదమూడో ఏట పెద్దమనిషినయ్యాను, లంగా ఓణీ వచ్చింది, సైకిల్ పోయింది. ఎవరూ వద్దని గట్టిగా చెప్పలేదు కూడా. "ఇంకేం సైకిలు లేమ్మా" అని అమ్మ అంది. ఎందుకు అని అడగలేదు. చాలా ఏళ్ల తర్వాత, నా చదువూ ఉద్యోగం అయ్యాక అడిగితే, కాస్త సిగ్గుపడి, "ఏమైనా చినిగిపోతుందని చెప్పేవాళ్లే" అంది. ఒక పలచని పొర కోసం మా తరంలో ఎందరు ఆడపిల్లల కాళ్లు ఆగిపోయాయో!

ఇది మన పల్లెటూళ్ల మూఢనమ్మకమని మాత్రం అనుకోవద్దు. 1890లలో ఇంగ్లండులో, అమెరికాలో స్త్రీలు సైకిళ్లెక్కినప్పుడు చదువుకున్న డాక్టర్లే పత్రికల్లో రాశారు, సీటు మీద కూర్చోవడం వల్ల ఆడవాళ్ల నీతి చెడుతుందనీ, తొక్కి తొక్కి మొహం వికారమవుతుందనీ. ఆ మొహానికి ఒక జబ్బు పేరు కూడా పెట్టారు! మద్యనిషేధ ఉద్యమ నాయకురాలు ఫ్రాన్సెస్ విలార్డ్ యాభై మూడో ఏట పట్టుబట్టి సైకిల్ నేర్చుకుని 1895లో దాని మీద ఒక పుస్తకమే రాసింది. మద్యం వ్యతిరేకించిన ఆమె సైకిల్ ఎక్కిందన్న మాట మన రాష్ట్రపు ఆడవాళ్లకు ఇంకో విషయం గుర్తు చేయాలి.

1991-92 సంవత్సరాల్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రి బడుల్లో చదువుకున్న ఆడవాళ్లు దూబగుంటలో సారా అంగడి మూయించారు, ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం తెచ్చింది. ఆ చరిత్ర మనకు కంఠతా వచ్చు. సరిగ్గా అదే కాలంలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అదే అక్షరాస్యతా ఉద్యమం ఆడవాళ్లకు అక్షరాలతో పాటు సైకిల్ నేర్పింది. కలెక్టరుగా ఉన్న షీలారాణి చుంకత్ ఈ ఆలోచనను ముందుకు తెచ్చారు, సైకిళ్లు కొనుక్కోవడానికి బ్యాంకు అప్పులు ఇప్పించారు. 1992 మార్చి 8న పదిహేను వందల మంది ఆడవాళ్లు సైకిళ్లకు జెండాలు కట్టి గంటలు మోగిస్తూ పట్టణంలో ఊరేగారు. పాలగుమ్మి సాయినాథ్ ఈ కథ వివరంగా రాశారు. అందులో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది: లేడీస్ సైకిళ్లు అంగళ్లలో అయిపోతే ఆడవాళ్లు జెంట్స్ సైకిళ్లే కొనుక్కున్నారు, కొందరికి అవే బాగున్నాయి కూడా. కమ్మీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు! కమ్మీ కింద నుంచి కాలు పెట్టి తొక్కిన నాలాంటి వాళ్లకు ఆ కమ్మీ ఒక అడ్డు. ఆ తల్లులకు అది బిడ్డ కూర్చునే చోటు.

నెల్లూరు మనకు గొప్ప పోరాటాన్నిచ్చింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడడం లేదు. కానీ సారా ఉద్యమంలో మన ఆడవాళ్లు అడిగింది మగవాడు తాగకూడదని, తన్నకూడదని, ఇంటి డబ్బు ఇంటికి రావాలని. అంటే ఇల్లు బాగుండాలని. అందుకే దానికి రాష్ట్రమంతా చేతులెత్తి మొక్కింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో సడలిపోయినప్పుడు ఆ మొక్కినవాళ్లు చాలామంది కనబడలేదు. పుదుక్కోట్టై ఆడవాళ్లు సంపాదించుకున్నది ఏ ప్రభుత్వమూ జీవో ఇచ్చి వెనక్కి తీసుకోలేనిది. ఒకసారి సైకిల్ వచ్చాక రాకపోవడమంటూ ఉండదు గదా.

*

ముదిగుబ్బ దాటాక ఒక ఊరి దగ్గర నీళ్లకోసం ఆగాను. ఊరి పేరు రాయను. బోరు దగ్గర ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లున్నారు. అందులో ఇరవై రెండేళ్లుండే అమ్మాయి, చంకలో బిడ్డ, నా సైకిల్ గేర్లు వంగి చూసింది. "నాకూ ఇచ్చినారు మేడం, ఇస్కూల్లో. తొమ్మిదో తరగతిలో" అంది.

ప్రభుత్వం గత దశాబ్దంలో 'బడికొస్తా' అన్న పేరుతో ప్రభుత్వ బడుల్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లిచ్చింది. ఆ సైకిల్ ఏమైందని అడిగాను.

"పది అయినాంక పెండ్లి చేసినారు. సైకిలు తమ్మునికి ఇడిసిపెట్టి వచ్చినా."

సారె పెట్టినప్పుడు బీరువా ఇచ్చారు, మంచం ఇచ్చారు, మిక్సీ ఇచ్చారు. ఆమె పేరు మీద ప్రభుత్వం ఇచ్చిన ఒకే ఒక్క వస్తువు పుట్టింట్లో ఉండిపోయింది. ఆమెకు పెళ్లినాటికి ఎన్నేళ్లో అడగలేదు, లెక్క వేసుకుంటే తెలుస్తూనే ఉంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. దేశం మొత్తం మీద ఇది 23.3 శాతం.

"తొక్కుతావా?" అన్నాను. బిడ్డను పక్కామె చేతికిచ్చింది, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంది. నా సైకిల్ సీటు ఎత్తు ఎక్కువ, దించి ఇచ్చాను. మొదట రెండుసార్లు వాలిపోయి, మూడోసారికి పోయింది. రామాలయం దాకా పోయి, అక్కడ ఇద్దరు ముసలాయనలు చూస్తుంటే తిరుగుకుని వచ్చింది. వాళ్ల అత్త గడపలోంచి అరుస్తోంది, కోపమో నవ్వో నాకు తెలియలేదు. "దిగు మే, బిడ్డ ఏడుస్తాండాది" అంది చివరికి. బిడ్డ ఏడవడం లేదు.

అక్కడ నాకు పోయిన సమయం అరగంట.

ఇలాంటి సైకిళ్ల వల్ల ఏం ఒరిగింది అనేవాళ్ల కోసం ఒక సంగతి. బీహారులో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి రెండు వేల రూపాయలిచ్చే పథకం పెట్టారు. కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాన్ని పరిశీలించి 2017లో ప్రచురించారు. వయసుకు తగ్గట్టు హైస్కూల్లో చేరిన ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగింది, మగపిల్లలకూ ఆడపిల్లలకూ మధ్య తేడా 40 శాతం తగ్గింది. బడికి మూడు కిలోమీటర్లకు మించి దూరమున్న ఊళ్లలోనే ఎక్కువ ఫలితం కనబడింది. అంకెలు బాగున్నాయి. కానీ సమాజశాస్త్రం చదివినదాన్ని కనుక నాకు వాటికంటే ఎక్కువ ఆసక్తి కలిగించింది ఇంకొకటి: ఊళ్లో నలభై మంది ఆడపిల్లలు ఒకే రంగు సైకిళ్ల మీద ఒకేసారి బయలుదేరితే "యాడికి?" అని అడిగే నోరు మూతబడుతుంది. ఒక్కతిగా పోతే ఆడపిల్ల, గుంపుగా పోతే రాకపోకలు. పెళ్లయ్యాక ఆ గుంపు చెదిరిపోతుంది, ఒక్కొక్కతీ ఒక్కో అత్తింట్లో ఒంటరి అవుతుంది. పథకం అక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే అది బడిపిల్లకు ఇచ్చింది, స్త్రీకి ఇవ్వలేదు.

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో టికెట్ లేదు. 'స్త్రీశక్తి' అని పేరు. మంచిదే, నేను నిస్సంకోచంగా సమర్థిస్తాను. అయితే పల్లెవెలుగు ఊరి ముందర ఆగాలంటే ముందు ఊరికి బస్సు రావాలి. మెయిన్ రోడ్డుకు మూడు నాలుగు కిలోమీటర్ల లోపలున్న ఊళ్లలో బస్సు ఉచితమైనా దాని దాకా నడక తప్పదు.

*

1200 కిలోమీటర్లు అన్నాను, పారిస్-బ్రెస్ట్-పారిస్ గురించి. ఆ అంకె విన్నప్పుడల్లా నాకు ఇంకో సవారీ గుర్తొస్తుంది. 2020 మేలో లాక్‌డౌన్ నాడు, పదిహేనేళ్ల జ్యోతికుమారి గాయపడిన తండ్రిని వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని గురుగ్రాం నుంచి బీహారులోని దర్భంగా దాకా సుమారు 1200 కిలోమీటర్లు తొక్కింది. తండ్రి ఆటో తోలేవాడు, ఆదాయం పోయింది, అద్దె కట్టలేరు, రైలు లేదు. దేశమంతా మెచ్చుకుంది. అమెరికా అధ్యక్షుడి కూతురు కూడా మెచ్చుకుంది, ఎంత ఓర్పు, ఎంత ప్రేమ అని. సైక్లింగ్ సమాఖ్య పరీక్షకు రమ్మని పిలిచింది. ఆ పిల్ల తనకు చదువుకోవాలనుందని చెప్పింది.

ఒకే దూరం. ఒకరు తొంభై గంటల గడువు పెట్టుకుని, ఏడాదిపాటు తయారై, సరదాకు తొక్కితే దాన్ని క్రీడ అంటాం. ఇంకొకరు వేరే గతి లేక తొక్కితే దాన్నీ క్రీడ అనే అంటాం, ఎందుకంటే అలా అంటే ఆ పిల్లను రోడ్డు మీదికి ఎవరు నెట్టారని అడగనక్కర్లేదు. నేను బాధ్యత నుంచి తప్పుకోవడం లేదు. నా సైకిల్ ధర ఒక ఉపాధి కూలీ ఏడాదిలో ఇంటికి తెచ్చుకునేదానికంటే ఎక్కువ. మాతో వచ్చిన కొందరి సైకిళ్లు లక్షలు చేస్తాయి. ఎర్రటి ఎండలో చేలల్లో కంది కోసేవాళ్లు నడుము నిలిపి చూస్తుంటే, బిగుతు బట్టలేసుకుని పోతున్న మేము వాళ్లకెలా కనబడి ఉంటామో ఊహించగలను. ఇందులో కులం కూడా ఉంది. ఊరి వీధిలో దళితుడు సైకిల్ దిగి నడిపించుకుంటూ పోవాలన్న కట్టుబాటు మన దక్షిణాది పల్లెల్లో నడిచిన చరిత్ర అంత పాతదేం కాదు. రోడ్డు ఎప్పుడూ అందరిదీ అయి లేదు.

మరి అలాంటప్పుడు ఈ సవారీలు నగర మధ్యతరగతి షోకులని కొట్టేద్దామా? మా మిత్రురాలు ఒకామె అదే అంది, "కరువు సీమలో నీకు సైకిల్ షికారా" అని. ఆ మాట నన్ను గుచ్చుకుంది, చాలా దూరం తొక్కుతూ దాని గురించే ఆలోచించాను. ఇప్పటికీ ఒప్పుకోను. పేద స్త్రీకి కావాల్సింది నీళ్లు, కూలి, బియ్యం, అంతేనని మనం తేల్చేయడంలో కూడా ఒక దొరతనం ఉంది. బోరు దగ్గరి అమ్మాయి రామాలయం దాకా పోయి వచ్చింది దేనికోసం? ఆమెకు అక్కడ పనేమీ లేదు. పనేమీ లేకుండా పోవడమే ఆమె చేసింది.

*

కదిరి దగ్గరికి వస్తుంటే తిమ్మమ్మ మర్రిమానుకు దారి చూపే బోర్డు కనబడింది. అయిదెకరాల మీద పరుచుకుని, 1989లో గిన్నిస్ బుక్కుకెక్కిన మర్రి. తిమ్మమ్మ అనే ఆమె 1434లో భర్త చితి మీద సహగమనం చేసిందనీ, ఆ చితికి పాతిన కొయ్య చిగిర్చి ఈ చెట్టయిందనీ చెప్తారు. పిల్లల్లేనివాళ్లు మొక్కుకోవడానికి వస్తారు. ఈ సీమలో ఆడమనిషి పేరు మీద ఇంత ప్రసిద్ధి పొందిన చోటు ఇంకోటి నాకు తట్టడం లేదు, ఆ పేరు వచ్చింది కాలిపోయినందుకు! కార్డు మీద ముద్ర వేయించుకుని, ఒక దోసె తిని, వెనక్కి తిరిగాను.

తిరుగు ప్రయాణం గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఎదురుగాలి. మోకాలు నొప్పి. మొత్తం దారిలో మూత్రానికి పోవడానికి తలుపున్న చోటు నాకు మూడంటే మూడు దొరికాయి. మగవాళ్లు రోడ్డు పక్కన నిలబడి పోతున్నారు, మేం ముగ్గురం నీళ్లు తాగడం తగ్గించుకున్నాం. ఎండలో రెండు వందల కిలోమీటర్లు తొక్కేవాళ్లు నీళ్లు తగ్గించుకోవడం ఎంత ప్రమాదమో డాక్టర్లను అడగండి. చేలల్లో పనిచేసే ఆడవాళ్లు రోజూ చేసేది ఇదే. నిర్వాహకులతో ఈ మాట అంటే, "బ్రెవే అంటే స్వయంగా చూసుకోవాలి గదా మేడమ్, అందరికీ ఒకే రూలు" అన్నారు. అందరికీ ఒకే రూలు! మన చట్టాల మీద పనిచేసేవాళ్లకు ఈ మాట బాగా పరిచయం.

బత్తలపల్లి దాటాక పొద్దు గూకింది. మోటారు సైకిల్ మీద ఇద్దరు కుర్రవాళ్లు పక్కన చేరారు. ముందుకు పోతారు, ఆగుతారు, మళ్లీ పక్కకొస్తారు. పాటలు. నేను వాళ్ల అమ్మ వయసుదాన్ని, హెల్మెట్‌లో మొహం కనబడక పోయి ఉండొచ్చు, కనబడినా తేడా ఉండకపోవచ్చు. చివరికి ఒక లారీ డ్రైవరు లైట్లు వేసుకుని కొంతదూరం నా వెనకనే నెమ్మదిగా వచ్చాడు. వాళ్లు పోయారు. ఆయన హారన్ కొట్టి దాటిపోయాడు. ఆ పదిహేను నిముషాల్లో నా చదువూ, నా వయసూ, స్త్రీల హక్కుల మీద నేను ఇచ్చిన ఉపన్యాసాలన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు. పదమూడేళ్ల పిల్లలా చేతులు వణికాయి. వాళ్ల దగ్గరుంది మోటారు సైకిల్ మాత్రమే కాదు, ఆ రోడ్డు తమదేనన్న నమ్మకం.

టవర్ క్లాక్ దగ్గరికి 6 గంటల 50 నిముషాలకు చేరాను. గడువు 6.30. బోరు దగ్గర పోయిన అరగంట లేకపోతే అందేదాన్ని. సర్టిఫికెట్ రాలేదు.

*

మన మహిళా సంఘాలు పాలకుల్ని అడగాల్సినవి కొన్ని ఇక్కడే ఉన్నాయి, కొత్తగా వెతకనక్కర్లేదు. బడిపిల్లల సైకిల్ పథకం ఎన్నికలతో పాటు పుట్టి పోయేది కాకుండా హక్కుగా ఉండాలి. పొదుపు సంఘాల అప్పుల్లో బర్రెకు, కుట్టుమిషనుకు చోటుంది, సైకిల్‌కూ కావాలి. పెళ్లయిన ఆమె పేరు మీద, ఆమె వయసుతో పని లేకుండా. హైవేల పక్కన ఆడవాళ్లు వాడగలిగిన మరుగుదొడ్లు ఉండాలి, వాటికి తాళాలు వేయకూడదు. ఇలాంటి సవారీలు పెట్టేవాళ్లు ఏ ఊళ్ల మీదుగా పోతున్నారో ఆ ఊళ్ల ఆడపిల్లల్లో పదిమందికి ఫీజు లేకుండా, అప్పిచ్చిన సైకిళ్ల మీద, కనీసం ఇరవై కిలోమీటర్లయినా తొక్కే అవకాశం ఇవ్వాలి. ఇది దానం కాదు, వాళ్ల దారి వాడుకున్నందుకు బాకీ.

మార్చి నుంచి ఆ బోరు దగ్గరి ఊళ్లో ఆదివారాలు నేర్పడం మొదలుపెట్టాం. రెండు పాత జెంట్స్ సైకిళ్లు. మొదటి వారం పదకొండు మంది వచ్చారు. ఒకామె పడి మోకాలు చీరుకుపోయింది, ఆమె మొగుడు వచ్చి గొడవ చేశాడు, రెండో వారానికి నలుగురే మిగిలారు. మూడో వారం ఏడుగురు. అందులో ఆ పడినామె ఉంది. టీ అంగడామె కూడా ఒక వారం బస్సెక్కి వచ్చింది. తొక్కలేదు, గట్టు మీద కూర్చుని చూసి, అందరికీ బొరుగులు కొనిపెట్టి పోయింది. బడి గ్రౌండు అడిగితే తాళంచెవి ఎవరి దగ్గరుందో ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి ఊరి తారు రోడ్డు మీదనే నేర్చుకుంటున్నారు.